జగ్గమ్మ ముక్క

అనగా అనగా, వెదురు పొదలు ఊళ్ళకంటే పెద్దవిగా ఉన్న కాలంలో, కొండ కింద కంకవలస అని ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో అందరూ మేదర్లే. వెదురు నరకడం, చీల్చడం, అల్లడం. గంపలు, చేటలు, తట్టలు. అదే వాళ్ళ పని, అదే వాళ్ళ కూడు.

ఆ పల్లెలో జగ్గమ్మ అని ఒక మనిషి ఉండేది. ఆమెకు పొలం లేదు. పిల్లలు లేరు. పెనిమిటి అప్పన్న జ్వరంతో పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. చేతుల్లో పని మాత్రం ఉంది. జగ్గమ్మ అల్లిన చేటలోంచి నూక గింజ కూడా జారదనేవారు.

ఆమె పాక పక్కనే తోడికోడలు పోలమ్మ పాక. మధ్యలో ఒక తడిక. ఆ తడిక మొదట్లో లేదు. అన్నదమ్ములు వేరుపడిన రోజున పెరడు పంచుకుంటుంటే మాటా మాటా పెరిగింది. పోలమ్మకు ముగ్గురు పిల్లలు. "కడుపు పండనిదానికి సగం పెరడెందుకు" అనేసింది. జగ్గమ్మ ఆ మాట విని సగం పెరడూ తీసుకుంది, మర్నాడే తడికా కట్టింది. ఆనాటి నుంచి ఆ రెండిళ్ళ మధ్య నిప్పు అడగడం లేదు, ఉప్పు అడగడం లేదు, మాట లేదు. అప్పన్న పోయినప్పుడు పోలమ్మ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏడ్చి లేచి వెళ్ళిపోయింది. అప్పుడు కూడా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అప్పన్న పోయిన ఏడాది, మాఘమాసంలో, మామిళ్ళు పూతకొచ్చిన రోజుల్లో, జగ్గమ్మ పెరట్లో ఒక వింత జరిగింది. ధాన్యం పోసుకుందామని అప్పన్న అల్లి, పేడ మెత్తి ఆరబెట్టిన పెద్ద గంప ఒకటి, పోయడానికి ధాన్యం లేక, చూరు కింద రాతి మీద బోర్లించి ఉంది. ఆ గంప కింద సందులోంచి తేనెటీగలు వస్తున్నాయి, పోతున్నాయి. జగ్గమ్మ వంగి చెవి పెట్టింది. లోపల ఝుమ్మని ఒకటే మోత.

వీధిలో వాళ్ళు వచ్చి చూశారు. పొగపెట్టి తోలేసి, ఉన్న తేనె పిండుకోమన్నారు. జగ్గమ్మ ఒప్పుకోలేదు. పిలవకుండా వచ్చి, తన ఇల్లు బాగుందని ఉండిపోయినవాళ్ళను ఎలా తోలమంటారని అడిగింది. గంప పక్కన చాప వేసుకుని అక్కడే అల్లికకు కూర్చుంది. అల్లుతూ అల్లుతూ చూసింది. చూసింది, చూసింది, మళ్ళీ చూసింది.

ఆ రోజుల్లో కొండ మీద సుక్రయ్య అని ఒక ముసలాయన ఉండేవాడు. కొండచరియల్లో తేనె తీసేవాడు. గంపలకోసం ఏడాదికి రెండు మూడుసార్లు కిందికి దిగేవాడు. ఆయన వచ్చి గంపను చూసి, ఇవి చరియల మీద పట్టు పెట్టే పెద్ద ఈగలు కావు, చీకట్లో కాపురం చేసే చిన్న ఈగలు అన్నాడు. లోపల తల్లి ఒకతే ఉంటుందనీ, మిగతావన్నీ దాని పిల్లలేననీ చెప్పాడు. అంచుల్లో ఉన్న తేనె పట్టు కోసుకో, నడిమధ్య పిల్లలున్న పట్టు ముట్టుకోకు అన్నాడు. కాస్త పిడక పొగ ఊది గంప ఎలా వాల్చాలో చూపించాడు.

జగ్గమ్మ అలాగే చేసింది. ఆ ఏడు ఒక కుండెడు తేనె వచ్చింది. దానికి వచ్చిన జొన్నలతో వానాకాలం గడిచింది. అప్పన్న పోయాక మొట్టమొదటిసారి ఆమె పొద్దున్నే లేవగానే మాట్లాడడానికి ఎవరో ఉన్నట్టయింది. గంపతో మాట్లాడేది. ఇవాళ ఎండ ఎక్కువుంది అనేది. చింతలు పూశాయి పొండి అనేది.

రెండో ఏడు ఫాల్గుణం వచ్చేసరికి గంప నిండిపోయింది. ఈగలు లోపల పట్టక సందు దగ్గర గడ్డంలాగా వేలాడాయి. బొద్దుగా, నల్లగా, పని చెయ్యని పోతుటీగలు ఎన్నో తిరిగాయి. జగ్గమ్మ మురిసిపోయింది. ఇల్లు కలిసొచ్చిందనుకుంది. ఇల్లు ఇరుకైందని ఆమెకు తెలియలేదు.

ఒకనాడు పొద్దెక్కాక, ఆమె వెదురు చీలుస్తుండగా, గంప లోపలి మోత మారింది. చూస్తుండగానే సందులోంచి ఈగలు ధారగా బయటపడ్డాయి. ఆకాశమంతా గిర్రున తిరిగాయి. జగ్గమ్మ కత్తి కింద పడేసి లేచి నిలబడింది. ఏం చెయ్యాలో తెలియలేదు. చెంబుతో నీళ్ళు చల్లింది. రండి రండి అని పిలిచింది. అవి వినలేదు. తడిక దాటాయి. పోలమ్మ పెరట్లో మునగ కొమ్మకు పనసకాయలాగా ముద్దకట్టి వేలాడాయి.

పోలమ్మ మొగుడు గురువులు ఒక గంప తెచ్చి కొమ్మ కింద పట్టి దులిపాడు. ముద్ద ముద్దగానే గంపలో పడింది. దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ చూరు కింద బోర్లించాడు. జగ్గమ్మ తడిక ఇవతల నిలబడి చూసింది. పోలమ్మ తడిక అవతల నిలబడి చూసింది. అవి నావి అని ఈమె అనలేదు. ఇవి నీవి అని ఆమె అనలేదు. వీధిలో పెద్దలు మాత్రం, ఎగిరి వచ్చినవి ఎవరి కొమ్మ మీద వాలితే వాళ్ళవే అని తేల్చేశారు.

మూడో రోజున సుక్రయ్య వచ్చాడు. జగ్గమ్మ ఎదురెళ్ళి, ఎందుకు పోయాయి, నేనేం తక్కువ చేశాను అని అడిగింది. ముసలాయన నవ్వాడు. తక్కువ చేసి కాదు, ఎక్కువై పోయాయన్నాడు. ఇల్లు చాలకపోతే పట్టు అడుగున మేకచన్నుల్లాంటివి కడతాయి, వాటిలో కొత్త తల్లులు పుడతాయి, అవి పుట్టకముందే ముసలితల్లి సగం మందిని వెంటబెట్టుకుని వెళ్ళిపోతుంది అని చెప్పాడు. ముందే చూసి ఆ చన్నులు కోసేసి, గంపకు కాస్త ఎడం చేసిచ్చి ఉంటే ఆగేవేమో అన్నాడు. వాన మబ్బు పడుతోందని గంపలు భుజానికెత్తుకుని గబగబా కొండెక్కేశాడు.

జగ్గమ్మ గంప వాల్చి చూసింది. నిజమే. పట్టు అడుగున మేకచన్నుల్లాగా వేలాడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. ఇంకా లోపల నాలుగు. ఉన్న సగం కూడా పోతాయనుకుంది. 'ముందే' అన్న మాట ఆమె చెవిన పడలేదు. 'కోసేసి' అన్నది పడింది. సన్నకత్తి తెచ్చి ఏడు చన్నులూ కోసేసింది. ఒక్కటి కూడా మిగల్చలేదు. గంప మళ్ళీ బోర్లించి, చేతులు కడుక్కుని, ఇక మీరెక్కడికీ పోరు అంది.

అవి ఎక్కడికీ పోలేదు.

కానీ మొదట మోత మారింది. ఝుమ్మనే గంప మూలగడం మొదలుపెట్టింది. తర్వాత నడక మారింది. కాళ్ళకు పుప్పొడి మూటలు కట్టుకుని తిన్నగా లోపలికి పోయే ఈగలు, సందు దగ్గర దేన్నో పోగొట్టుకున్నట్టు అటూ ఇటూ వెతుకుతూ తిరిగాయి. ఆ తర్వాత గంప వాల్చి చూస్తే, నడిమధ్య పట్టు ఖాళీ. గుడ్డు లేదు. పురుగు లేదు. పిల్ల లేదు.

జగ్గమ్మ చాప వేసుకుని పక్కన కూర్చుంది. చూసింది, చూసింది, మళ్ళీ చూసింది. ఆ మూలుగు ఆమె ఎరిగినదే. అప్పన్న పోయిన కొత్తలో, పగలంతా ఇంట్లో ఏదో వెతుకుతున్నట్టు తిరిగేది తను కూడా. ఏం వెతుకుతున్నావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది.

పన్నెండు రోజులయ్యాక సుక్రయ్య మళ్ళీ దిగాడు. ఈసారి గంపలకోసం కాదు. ఏదో సగం చెప్పి వచ్చేశానని మనసు పీకుతోందట. వస్తూనే గంప మీద చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు.

"కోసీసావా?" అన్నాడు.

"కోసీసాను తాతా."

"అన్నీనా?"

"అన్నీ."

ముసలాయన గంప పక్కన చతికిలబడ్డాడు. తప్పు తనది కూడా అన్నాడు. గంప వాల్చి చూసి చెప్పాల్సింది, నిలువుకాళ్ళ మీద చెప్పి వెళ్ళానన్నాడు. ముసలితల్లి వెళ్ళిపోయాక ఆ చన్నుల్లో పుట్టబోయేవాళ్ళే ఈ ఇంటికి దిక్కు, వాళ్ళను కోసేశాక తల్లి ఎక్కడి నుంచి వస్తుంది అన్నాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఈగలే తిక్కపుట్టి గుడ్లు పెడతాయట. వాటిలోంచి అన్నీ పోతుటీగలే పుడతాయట. ఆపైన ఎవరూ ఏమీ చెయ్యలేరట.

జగ్గమ్మ దారి ఉందా అని అడిగింది.

ఉందన్నాడు. తల్లి ఉన్న గూటిలోంచి, కొత్తగా పెట్టిన గుడ్లున్న పట్టు ముక్క అరచేతంత తెచ్చి ఈ గంపలో కట్టాలి. ఆ గుడ్లలో ఒకదాన్ని ఎంచుకుని, మంచి మేత పెట్టి, ఈగలే దాన్ని తల్లిని చేసుకుంటాయి. వేరే ఇంటి గుడ్డే అయినా తమ తల్లిని చేసుకుంటాయి. కానీ కొండమీది చెట్టు తొర్రల్లోంచి తేవాలంటే ఒక పూట నడక. అంతసేపటికి గుడ్డు చస్తుంది. దగ్గర్లో తల్లి ఉన్న గూడు ఒక్కటే.

ఎక్కడో ఆయన చెప్పలేదు. తడిక వైపు చూశాడు. వెళ్ళిపోయాడు.

మొదటి రోజు జగ్గమ్మ తడిక దాకా వెళ్ళింది. తడిక పట్టుకుని కాసేపు నిలబడి వెనక్కి వచ్చేసింది.

రెండో రోజు తడిక చుట్టూ తిరిగి వీధిలోంచి పోలమ్మ వాకిలి దాకా వెళ్ళింది. పోలమ్మ వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తోంది. తల ఎత్తలేదు. జగ్గమ్మ నోరు తెరవలేదు. వెనక్కి వచ్చేసింది. ఆ సాయంత్రం గంప మూలుగు మరీ సన్నబడింది.

మూడో రోజు పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, వీధిలోంచి కాదు, తడిక కట్టు విప్పి ఆ సందులోంచే వెళ్ళింది. పోలమ్మ పొయ్యి దగ్గర ఉంది. జగ్గమ్మ ఆమె ఎదురుగా నిలబడింది.

"అక్కా, నా గూట్లో తల్లి లేదు. నానే పోగొట్టుకున్నాను. ఒక ముక్క ఇయ్యి."

పోలమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. ఇంకో పుల్ల ఎగదోసింది. తర్వాత పుల్లలు వదిలేసింది.

"ఆ రోజు నానన్న మాట నువ్వింకా మరిచిపోలేదు కదా" అంది.

"మరిచిపోలేదు."

"నానూ మరిచిపోలేదు" అంది పోలమ్మ.

పొయ్యి మీద అంబలి పొంగింది. పోలమ్మ దాన్ని దించి, చేతులు తుడుచుకుని లేచింది. చూరు కిందికి నడిచింది. తనకు ఈగలంటే భయమనీ, గురువులుకు ఇంకా భయమనీ, తెచ్చి పెట్టిన నాటి నుంచి దాన్ని ఎవరూ కదపలేదనీ చెప్పింది. అందులో ఏముందో తమకే తెలియదంది. ఇన్నాళ్ళూ జగ్గమ్మ వచ్చి తన ఈగలు తనకిమ్మంటుందేమోనని చూశాననీ, అడిగితే ఇచ్చేసేదాన్ననీ చెప్పింది.

"గంప ఎత్తు. నువ్వే తీసుకో" అంది.

జగ్గమ్మ పిడక పొగ ఊది గంప వాల్చింది. పట్టు నడిమధ్యలో, గది గదికీ ఒక్కొక్కటి, బియ్యపు నూక కంటే సన్నంగా, తెల్లగా గుడ్లు. పొడుగ్గా, ఎర్రగా ముసలితల్లి కూడా కనిపించింది. నిదానంగా నడుస్తోంది. పోలమ్మ నాలుగడుగుల దూరంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి, ఏదీ ఏదీ అని అడిగింది. జగ్గమ్మ చూపించింది. పోలమ్మ ఒక అడుగు దగ్గరికి వచ్చి చూసింది.

జగ్గమ్మ అరచేతంత ముక్క కోసింది. కోడి ఈకతో ఈగల్ని నెమ్మదిగా తోలింది. మోదుగాకులో చుట్టి, చల్లబడకుండా పొట్టకు ఆనించి, పైన కొంగు కప్పుకుంది. నలభై అడుగుల దూరం. ఆ నలభై అడుగులూ నిండుచూలాలిలాగా నడిచింది. తన గంప వాల్చి, రెండు పట్ల మధ్య వెదురు పుల్ల అడ్డంగా గుచ్చి, అరటినారతో ముక్కను దానికి కట్టింది. బోర్లించింది. పక్కన కూర్చుంది.

మూడో రోజు చూస్తే ముక్క అంచున ఈగలు ఒక మేకచన్ను కడుతున్నాయి. అయిదో రోజుకి మూడయ్యాయి. జగ్గమ్మ కత్తి ఇంట్లో దాచేసింది. ఆపైన గంప ఎత్తలేదు. ఎత్తాలని చెయ్యి లాగేది. ఎత్తేది కాదు. ఆ పెంచడాలూ పుట్టడాలూ అంతా చీకట్లో జరిగే పని, మన కన్ను పడితే ఆలస్యమవుతుందని పోలమ్మ అంది. పోలమ్మకు ఆ సంగతి ఎలా తెలుసో జగ్గమ్మ అడగలేదు. తడిక సందు మళ్ళీ కట్టలేదు. పోలమ్మ పనంతా అయ్యాక ఆ సందులోంచి వచ్చి, గంపకు నాలుగడుగుల దూరంలో కూర్చునేది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. అల్లుకునేవారు.

ఇరవై రోజులు దాటాయి. ఒకనాటి ఎండలో మూలుగు ఆగింది. జగ్గమ్మ పోయాయనుకుంది. లేచి చెవి ఆనించింది. లోపల ఝుమ్మని మోత. సందు దగ్గర ఈగలు కాళ్ళకు పసుప్పచ్చని మూటలు కట్టుకుని తిన్నగా లోపలికి పోతున్నాయి. ఇంకో వారం ఓపిక పట్టి గంప వాల్చింది. గది గదికీ ఒక్కొక్కటి, నూక కంటే సన్నంగా గుడ్లు.

జగ్గమ్మ తడిక సందు దగ్గరికి వెళ్ళి, "అక్కా, వచ్చిందే" అంది. అంతవరకూ ఏడవనిది అప్పుడు ఏడ్చింది. పోలమ్మ అంబలి గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

ఆ తర్వాతి ఏడు ఫాల్గుణంలో జగ్గమ్మ ముందే మేలుకుంది. పోతుటీగలు తిరగగానే గంప వాల్చి చూసింది. ఇరుకైన గంప కింద నాలుగు వేళ్ళ ఎత్తు వెదురు చుట్టు ఒకటి అల్లి పెట్టి, ఎడం చేసింది. అయినా చన్నులు కట్టాయి. ఈసారి వాటిని కొయ్యలేదు. ముసలితల్లిని, కొన్ని పట్లనీ, సగం ఈగల్నీ తనే కొత్త గంపలోకి మార్చింది. అవి వాటంతట అవి పోయేలోగా తనే వేరుపెట్టింది. ఆ కొత్త గంపను వీధి చివర కాలు పడిపోయిన చంద్రయ్యకిచ్చింది. మరుసటి ఏడు ఇంకొకరికి. ఆ మరుసటి ఏడు ఇంకొకరికి. ఎవరికిచ్చినా ఒకటే షరతు పెట్టేది. ఎవరి గూడైనా తల్లిలేక మూలుగుతుంటే, వాళ్ళు వచ్చి అడిగితే, వాళ్ళతో నీకు పడినా పడకపోయినా ముక్క ఇవ్వాలి. అడిగేవాళ్ళు ఎవరినీ పంపకూడదు. తామే రావాలి.

ఏళ్ళు గడిచాయి. జగ్గమ్మ ముసలిదై, ఒక చైత్రమాసపు మధ్యాహ్నం చాప మీద అల్లుతూ అల్లుతూనే ఒరిగిపోయింది. ఒళ్ళో సగం అల్లిన చేట ఉంది. పోలమ్మ పిల్లలే ఆమెకు కొరివి పెట్టారు. ఊరివాళ్ళు నాలుగు రోజులు తలుచుకున్నారు. ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. మంచిది పోయిందనుకున్నారు. అంతే అనుకున్నారు.

ఆమె పోయిన మూడో ఏడు వాన పట్టింది. ఎడతెరిపి లేకుండా నెలా పదిహేను రోజులు కురిసింది. పువ్వు రాలిపోయింది. ఈగ బయటికి రాలేదు. వాన వెలిసేసరికి కంకవలసలో కొన్ని గంపలు ఖాళీ. ఒక్కటి తప్ప మిగతావి మూలుగుతున్నాయి. ఆకలి ఏడు కదా, ఇళ్ళు కూడా మూలుగుతున్నాయి. గింజల దగ్గర, వెదురు దగ్గర తగువులాడుకుని, ఆ ఇంటివాళ్ళు ఈ ఇంటికి రావడం మానేశారు. ఎవరి గంప సంగతి ఎవరూ బయటికి చెప్పలేదు.

తల్లి బతికున్న గంప పల్లె మొత్తంలో ఒక్కటే. అది పోలమ్మ చూరు కింద ఉంది. పోలమ్మ అప్పటికి నడుం వంగిపోయిన ముసలిది. కర్ర పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, గంప మూలుగుతుంటే నా దగ్గరకి రండి, జగ్గి అడిగినట్టే అడగండి అని చెప్పింది. ఎలా అడిగిందో కూడా చెప్పింది. అంతవరకూ ఆ సంగతి ఎవరికీ తెలియదు. పోలమ్మ అన్న పాత మాట కూడా ఎవరికీ గుర్తులేదు. దాన్ని కూడా పోలమ్మే గుమ్మం గుమ్మానికీ చెప్పుకుంది.

మొదటి రోజు ఒకరే వచ్చారు. రెండో రోజు ఇద్దరు. మూడో రోజుకి వాకిలి నిండింది. పోలమ్మకు అప్పటికీ ఈగలంటే భయమే. నాలుగడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఒక్కొక్కరికీ అదే చెప్పింది. గంప ఎత్తు, నువ్వే తీసుకో. ఒకామె ముక్క తీసుకుని, మోదుగాకులో చుట్టి పొట్టకు ఆనించుకుని, నీ రుణం ఎలా తీర్చుకోను అత్తా అంది.

"ఇది నా ముక్క కాదమ్మా" అంది పోలమ్మ. "జగ్గమ్మ ముక్క."

ఆ ముక్కలతో ఆ ఏడు తొమ్మిది గంపలు బతికాయి. ఇప్పుడు ఆ కొండ కింద పల్లెల్లో ఉన్న గంపలన్నీ ఆ తొమ్మిదింటి నుంచి వేరుపడినవే అంటారు.

ఆ పల్లెల్లో ఇప్పటికీ గూడుకు తల్లి పోతే, ఇంటి పెద్దే లేచి తల్లి ఉన్న ఇంటికి వెళ్తాడు, లేదా వెళ్తుంది. చెప్పులు వాకిట్లో విప్పుతారు. "నా గూట్లో తల్లి లేదు. నానే పోగొట్టుకున్నాను. జగ్గమ్మ ముక్క ఇయ్యి" అంటారు. ఇచ్చేవాళ్ళు ఎందుకని అడగరు, ఎలాగని అడగరు. గంప ఎత్తు, నువ్వే తీసుకో అంటారు. తీసుకున్నవాళ్ళు పొట్టకు ఆనించుకుని, దారిలో ఎవరు పలకరించినా పలక్కుండా నడిచిపోతారు.

కొత్తగా గంప పెట్టుకున్న వాళ్ళు ఒక్కోసారి మొండికేస్తారు. తల్లిని ఈగలు తినే పచ్చపిట్ట ఎత్తుకుపోయింది, నా తప్పేముంది, నేనే పోగొట్టుకున్నానని ఎందుకనాలి అంటారు. పెద్దవాళ్ళు వాదించరు. అలా అంటేనే అవతలివాళ్ళు పొయ్యి దగ్గర నుంచి లేస్తారు అని మాత్రం చెబుతారు.